టపా మళ్లీ బయలుదేరింది

తెలుగులో బ్లాగులు మొదలైన కొత్తల్లో, అంటే ఇరవై ఏళ్ల కిందట, అవి రాసినవాళ్లు ఒక మంచి పని చేశారు. ఇంగ్లీషు మాటల్ని అలాగే దించుకోకుండా మన మాటలు వెతికారు. కామెంటును వ్యాఖ్య అన్నారు. బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే అగ్రిగేటరును సంకలిని అన్నారు. పోస్టును టపా అన్నారు. ఈ చివరి మాట నాకు మరీ ఇష్టం. మన తాతల నోట టపా అంటే ఉత్తరాల కట్ట. టపా వచ్చిందా, టపా పోయిందా అని అడిగేవారు. ఇంకా వెనక్కి వెళితే, ఒక హర్కారా సంచీ భుజాన వేసుకుని పరుగెత్తి, తర్వాతి హర్కారాకు అందించేదాకా ఉన్న దూరానికి కూడా టప్పా అనే పేరుండేది. ఆ మాట పుట్టుకలోనే నడక ఉంది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారడం ఉంది.

బ్లాగులోని టపా మాత్రం నడవదు. రాసి, ప్రచురించే మీట నొక్కితే అక్కడే ఉండిపోతుంది. చదివే మనిషి గుర్తుపెట్టుకుని, వెతుక్కుని, ఆ గుమ్మం దాకా రావాలి. రాకపోతే లేదు. ఉత్తరం పేరు పెట్టుకున్నది ఉత్తరంలా బయలుదేరకపోవడం ఇన్నాళ్లూ మనం పెద్దగా పట్టించుకోని లోటు. ఆ లోటు పూడ్చే పని ఈమధ్య హైదరాబాదు పాతబస్తీలో ఒకచోట దగ్గరుండి చూశాను. అప్పటి నుంచి దాని గురించి పాఠకులతో చెప్పుకోవాలని ఉంది.

లాల్‌దర్వాజా దగ్గర ఒక తెలుగు సారు ఉన్నారు. సర్కారు బడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యారు. పాతబస్తీ అంటే చార్మినార్, లాడ్‌బజార్ గాజులు, హలీం అని అక్కడితో ఆగిపోయేవాళ్ల చేత ఆయన రాతలు చదివించాలనిపిస్తుంది. హరిబౌలి అనే పేరులో దాగిన బావి గురించి రాస్తారు. గౌలిపురకు ఆ పేరునిచ్చిన పాలవాళ్ల గురించి రాస్తారు. ఆషాఢంలో అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంటే ఏ గల్లీ మొగదల ఎంతసేపు ఆగుతుందో, ఏ అరుగు మీద నిలబడి ఏ ముసలమ్మ సాక పోసేదో రాస్తారు. ఉర్దూ మీడియంలో చదివిన తన తండ్రి ఇంటి పద్దులు ఉర్దూలో రాసి, దేవుడి గది గోడ మీద మాత్రం తెలుగులో శ్రీరామ అని రాసుకున్న సంగతి రాశారు. ఇవన్నీ ఒక బ్లాగులో, పదిహేనేళ్లుగా, నెలకు రెండో మూడో చొప్పున రాస్తూ వచ్చారు.

మొదట్లో చదివేవాళ్లకు కొదవ లేదు. అప్పుడు వీవెన్ నడిపిన కూడలి అనే సంకలిని ఉండేది. జల్లెడ, తేనెగూడు, హారం ఉండేవి. ఎవరు ఏ మూల టపా రాసినా కాసేపట్లో దాని పేరు అక్కడ కనబడేది. తెలుగు టైపు రానివాళ్లకు లేఖిని ఉండేది. నెలకోసారి రెండో ఆదివారం యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో బ్లాగర్లు కలుసుకునేవారు. పుస్తక ప్రదర్శన వస్తే ఈ-తెలుగు అనే సంఘం వాళ్లు స్టాలు పెట్టి, కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో వచ్చినవాళ్లందరికీ ఓపికగా చూపించేవారు. ఇంగ్లీషు బ్లాగులు చదివేవాళ్లకు గూగుల్ రీడర్ ఉండేది. 2005 అక్టోబరులో మొదలైన ఆ సేవను 2013 జూలై 1న మూసేశారు. కూడలి కూడా ఆగిపోయింది. జనం ఫేస్‌బుక్కుకు తరలిపోయారు. అక్కడ మన పేజీని ఎంతమంది అనుసరిస్తున్నా, ఈ పూట రాసింది వాళ్లలో ఎవరికి చూపించాలో నిర్ణయించేది మనం కాదు, వాళ్లూ కాదు.

సంకలినులు అందరి బ్లాగుల్నీ అలా ఎలా చూడగలిగేవని అప్పట్లో చాలామంది అడిగేవారు. అందులో మాయ లేదు. ప్రతి బ్లాగుకీ పెరటి వైపు ఫీడ్ అనే ఒక చిన్న జాబితా ఉంటుంది. మనుషులు చదవడానికి కాదు, యంత్రాలు చదవడానికి. అందులో రంగులుండవు, బొమ్మల అలంకారముండదు. కొత్త టపా పేరు, దాని చిరునామా, రాసిన తేదీ, దాన్ని మరో టపా నుంచి వేరుచేసే ఒక గుర్తు, అసలు పాఠం, అంతే. కొత్తది రాసినప్పుడల్లా జాబితా పైన ఒకటి చేరుతుంది, అడుగున ఒకటి రాలిపోతుంది. ఆర్‌ఎస్‌ఎస్ అనే ఈ పద్ధతి 1999లో నెట్‌స్కేప్ వాళ్ల దగ్గర మొదలైంది. దానికి చెల్లెలు లాంటి ఆటమ్ 2005లో ప్రమాణంగా స్థిరపడింది. కంపెనీలు వచ్చాయి, పోయాయి. ఫీడ్ మాత్రం పోలేదు. వర్డ్‌ప్రెస్‌లో రాసినా బ్లాగర్‌లో రాసినా, ఆ సంగతి మనకు తెలియకపోయినా, పెరట్లో ఆ జాబితా ఇప్పటికీ తయారవుతూనే ఉంటుంది.

ఆ జాబితాను చదివి, కొత్త టపా ఉంటే దాన్ని ఈమెయిలుగా మార్చి, కావాలని పేరిచ్చినవాళ్లందరికీ పంపే ఏర్పాటు కూడా పాతదే. 2004లో షికాగోలో పుట్టిన ఫీడ్‌బర్నర్ ఈ పని చేసేది. 2007లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. మన తెలుగు బ్లాగుల్లో చాలావాటికి పక్కన ఒక చిన్న పెట్టె ఉండేది, మీ ఈమెయిలు ఇక్కడ ఇవ్వండి అని. ఆ పెట్టె వెనక ఉన్నది ఫీడ్‌బర్నరే. 2021 జూలైలో అది ఈమెయిళ్లు పంపడం మానేసింది. పేర్ల పట్టిక దించుకోండని ముందుగా చెప్పారు. దించుకున్నవాళ్లకు దక్కింది. దించుకోనివాళ్ల పెట్టెలు కొన్ని బ్లాగుల్లో తర్వాత కూడా అలాగే ఉండిపోయాయి, లోపల ఎవరూ లేని ఇంటికి తలుపు ఉన్నట్టు.

సారు ఆ పట్టిక దించుకోలేదు. అసలు అలాంటిది ఒకటుందని ఆయనకు తెలియదు. ఒకరోజు ఎవరో పాత పాఠకుడు చార్మినార్ దగ్గర కనబడి, సార్ మీరు రాయడం మానేశారా, చాలా రోజులైంది అని అడిగాడట. ఆయన మానలేదు. ఆ నెలలో మూడు టపాలు రాశారు. ఆ మాట ఆయనను చాలా బాధపెట్టింది. నాతో రెండుసార్లు చెప్పారు.

ఛత్తాబజార్లో పెళ్లి కార్డులు అచ్చువేసే దుకాణాలు వరసగా ఉంటాయి. ఒకప్పుడు అక్కడ కాతిబులు కూర్చుని వెదురు కలంతో నస్తాలీఖ్ లిపిలో దావత్‌నామాలు రాసేవారు. తొంభైలలో ఉర్దూ కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ చేతులు చాలావరకు కీబోర్డు మీదికి మారాయి. అలాంటి ఒక దుకాణంలో పని చేసే కుర్రాడు సారు దగ్గర తెలుగు చదువుకున్నాడు. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడు భాషల కార్డులూ కూరుస్తాడు. సారు సంగతి విని, నేను చేస్త సార్, అన్నాడు. ఒక మధ్యాహ్నం గిరాకీ తగ్గిన వేళ మేము ముగ్గురం ఆ దుకాణంలో కూర్చున్నాం. పక్కన కట్టలు కట్టిన కార్డుల మీద బంగారు పొడి ఇంకా చేతికి అంటుతోంది. కటింగ్ మెషిన్ చప్పుడు మధ్యమధ్యలో మాటల్ని మింగేస్తోంది.

ఫీడ్‌బర్నర్ చేసిన పనినే ఇప్పుడు చేసే ఇంకో సేవలో మొదట సారు బ్లాగు ఫీడ్ చిరునామా పెట్టాడు. తర్వాత ఉత్తరం ఎలా కనబడాలో ఒక నమూనా తయారు చేశాడు. పైన బ్లాగు పేరు, కింద టపా వచ్చే చోటు, ఆ కింద సంతకం. పూలూ తీగలూ వద్దు బేటా, పెళ్లి కార్డు కాదు గదా, అన్నారు సారు. వారానికోసారి, గురువారం ఉదయం ఆరింటికి పోవాలని సమయం పెట్టాడు. ఆ తర్వాత తిరిగి చూసి, "ఐపోయింది సార్. ఇగ గురువారం గురువారం అదే వోతది. మీరు రాసుడే మీ పని" అన్నాడు.

"రాయకపోతే?" అని అడిగారు సారు.

"రాయకపోతే ఏం పోదు. కొత్తది ఉంటెనే పంపుతది."

ఆ జవాబు విని సారు కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. నాకూ ఆ మాట దగ్గర మనసు ఆగింది. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. యంత్రం గురువారం పొద్దున లేచి, పెరట్లోకి వెళ్లి, జాబితా చూసి, కొత్తది ఏదీ లేకపోతే నిశ్శబ్దంగా వెనక్కి వచ్చేస్తుంది. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఎవరి తలుపూ తట్టదు. రోజంతా మోగే ఫోన్ల మధ్య బతుకుతున్న మనకు ఇంత మర్యాద తెలిసిన యంత్రం ఒకటుందంటే సంతోషించాలి.

పేర్లు ఎక్కించే దగ్గర ఒక చర్చ వచ్చింది. సారు దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. అందులో పాత శిష్యులు, తోటి టీచర్లు, సభల్లో పరిచయమైనవాళ్ల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఉన్నాయి. అన్నీ ఎక్కించేస్తే ఒక్క గంట పని. సారు ఒప్పుకోలేదు. "అడగకుండ ఒకరింట్లకు పోతమా? ముందు ఫోన్ జేసి అడుగుత" అన్నారు. అడిగారు కూడా. పది రోజులు పట్టింది. సరేనన్నవాళ్లకు ముందు ఒక చిన్న ఉత్తరం వెళుతుంది, ఇది మీరేనా, మీకు నిజంగా కావాలా అని. వాళ్లు అవునని నొక్కితేనే పేరు పట్టికలో చేరుతుంది. నోటుబుక్కులో ఉన్నవాళ్లలో సగం మంది దాకా చేరారు. మిగతావాళ్ల పేర్లు సారు ఎక్కించనే లేదు.

ఈ అడగడం అనేది ఇప్పుడు చట్టంలోకి కూడా ఎక్కింది. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలని చెబుతోంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ కూడా కట్టుదిట్టం చేశాయి. రోజుకు ఐదు వేలకు మించి పంపేవాళ్లు ఒక్క నొక్కుతో మానుకునే వీలు పాఠకుడికి ఇవ్వాలి. ఇది మాకు అక్కరలేని చెత్త అని ఫిర్యాదు చేసేవాళ్లు వెయ్యికి ముగ్గురు దాకా రాకూడదు. పంపినవాడు ఫలానా అని రుజువు చేసే సంతకం ఉత్తరం లోపల ఉండాలి. వంద మందికి పంపుకునే సారు లాంటివాళ్లకు ఈ లెక్కలన్నీ వర్తించకపోయినా, సంతకం సంగతి మాత్రం చిన్నవాళ్లూ పట్టించుకోవాల్సిందే. ఉచిత జీమెయిల్ చిరునామా పేరుతో బయటి సేవ ద్వారా పంపితే ఉత్తరం స్పాములో పడే ప్రమాదం ఎక్కువ. సొంత డొమైన్ పేరు ఒకటి కొనుక్కోవడం మేలు. ఏడాదికి అయ్యే ఖర్చు ఒక పుస్తకం, రెండు పుస్తకాల ధర.

అడగకుండా పంపడం అనే దురలవాటు కొత్తది కాదు. 1978 మేలో ఒక అమెరికన్ కంపెనీ ఉద్యోగి తమ కంప్యూటర్ల ప్రకటనను అప్పటి అర్పానెట్‌లో దాదాపు నాలుగు వందల మందికి ఒకేసారి పంపాడు. ఆ రోజు వాళ్లు పడ్డ చిరాకే ఇప్పుడు మనందరి ఇన్‌బాక్సుల్లో రోజూ ఉంది. అందుకే తెలుగులో ఎవరైనా ఈ పని మొదలుపెడితే సారు చేసినట్టే చేయాలని కోరుకుంటున్నాను. పట్టిక చిన్నదైనా ఫరవాలేదు. అందులో ఉన్న ప్రతి పేరూ తన ఇష్టంతో వచ్చినదై ఉండాలి.

మొదటి గురువారం ఉత్తరం నా ఫోన్‌కు కూడా వచ్చింది. చదువుతూ పోతుంటే మంచి పట్టులో ఉండగా సగంలో ఆగిపోయింది. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం, సందేశం కత్తిరించాము, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అని. సారు అప్పుడే ఫోన్ చేశారు, నా రాత ఎవరు కోసిన్రు అని. కోసింది జీమెయిల్. ఉత్తరం 102 కిలోబైట్లు దాటితే మిగతాది దాచేస్తుంది. ఇంగ్లీషువాళ్లకు ఆ హద్దు తగిలేది అరుదు. మనకు త్వరగా తగులుతుంది. ఎందుకంటే కంప్యూటర్లు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు అక్షరానికి మూడు కావాలి. అదీ గుణింతం, వత్తు ఒక్కొక్కటీ విడిగా లెక్క. స్త్రీ అనే ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు ముక్కలు, పద్దెనిమిది బైట్లు. మనం నోటితో ఒక్కసారి పలికేదాన్ని యంత్రం పద్దెనిమిది గళ్లలో మోస్తోంది. అలాంటివి వేలకు వేలు ఉన్న రెండు పొడుగాటి వ్యాసాలు ఒకే వారం చేరేసరికి, నమూనా బరువు కూడా కలిసి, హద్దు దాటిపోయింది. ఆ మధ్యాహ్నం ఛత్తాబజార్లో కూర్చుని ఒక్కో ఉత్తరంలో ఒక్క టపానే పోయేలా మార్చాం. అనవసరమైన అలంకారం తీసేశాం. ఇప్పుడు చివరి చుక్క దాకా చేరుతోంది.

తెలుగు అక్షరానికి యంత్రాలతో ఇలాంటి చిక్కులు కొత్త కాదు. ఒకప్పుడు ఈమెయిలు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనబడేవి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొన్నాళ్లలో సరిచేశారు. డబ్బాల కాలం పోయింది. ఈ 102 కిలోబైట్ల హద్దు ఉంది కాబట్టి, తెలుగులో ఉత్తరాలు పంపేవాళ్లు దీన్ని ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

ఇంకో పొరపాటు కూడా జరిగింది. బ్లాగు చిరునామా మార్చినప్పుడు, ఫీడ్‌లో ప్రతి టపాకూ ఉండే గుర్తు కూడా మారిపోయింది. యంత్రానికి పాతవన్నీ కొత్తవిగా కనబడ్డాయి. ఒక పొద్దున పది పాత టపాలు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. సారు సిగ్గుపడి అందరికీ విడివిడిగా క్షమాపణ రాశారు. చిరునామా మార్చేముందు పంపకం ఆపి ఉంచాలన్న జాగ్రత్త అలా తెలిసింది.

ఇలా పట్టికలో ఉన్న పేర్లకు నేరుగా పంపే పని కొత్తదేమీ కాదు. హైదరాబాదు రాజ్యంలో తెలుగు టపా మీదే బతికిన కాలం ఒకటుంది. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందు ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరిని నడిపారు. ఉర్దూ ఏలుబడిలో తెలుగు చదివే ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ సంపాదకులకు చందాదారుల పుస్తకం చెప్పేది. నిజాం రాష్ట్రంలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, ప్రతాపరెడ్డి 354 మంది కవులను ఒకచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊరూరా చదివేవాళ్లతో, రాసేవాళ్లతో ముడి లేకుండా అంతమంది దొరకరు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు భుజాన వేసుకుని తిరిగి పాఠకుల చేతిలో పెట్టారు. దారి మధ్యలో ఎవరి దయ మీదా ఆధారపడకుండా, రాసిన చోటి నుంచి చదివే చోటికి నేరుగా వెళ్లడమే వాళ్ల బలం.

చిన్న పత్రికలు నడిపిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇంకో దృశ్యం గుర్తుంటుంది. ఇంటిల్లిపాదీ కింద కూర్చుని పత్రికలను గోధుమరంగు కాగితంలో చుట్టడం, మైదా పిండి ఉడకబెట్టిన జిగురు రాయడం, చిరునామా చీటీలు అంటించడం, తపాలా బిళ్లలు అంటించడం. చందా అయిపోయినవాళ్ల కట్టలో ఒక ఎర్ర చీటీ పెట్టడం. ఆ పనంతా ఇప్పుడు ఒక ఫీడ్, ఒక నమూనా, ఒక గురువారం ఆరు గంటలు చేసేస్తున్నాయి. జిగురు పోయింది, బిళ్లలు పోయాయి. పట్టిక మాత్రం ఉండాలి, అది రాసేవాడి చేతిలోనే ఉండాలి. సేవ ఇచ్చే కంపెనీ రేపు మూతపడినా, ధర పెంచినా, ఆ పట్టిక దించుకుని ఇంకో చోటికి వెళ్లిపోవచ్చు. నెలకోసారి పట్టికను దించి సొంత కంప్యూటర్లో దాచుకోవాలని ఛత్తాబజార్ కుర్రాడు సారుకు చెప్పాడు. సారు దాన్ని అచ్చు కూడా తీసి అదే పాత నోటుబుక్కులో పెట్టుకుంటున్నారు.

ఎంతమంది తెరిచారో చూపించే లెక్క ఒకటి ఈ సేవల్లో ఉంటుంది. ఉత్తరంలో కనబడని ఒక చుక్క బొమ్మ పెడతారు. అది తెరుచుకుంటే చదివినట్టు లెక్క. 2021లో యాపిల్ తన మెయిల్‌లో ఆ బొమ్మలను ముందే తెరిచేసే ఏర్పాటు పెట్టాక ఆ లెక్క నమ్మడానికి లేకుండా పోయింది. సారు ఆ లెక్క ఆపించేశారు. చదివినవాళ్లు చెప్తరు, చెప్పకపోతే చదువుకోనీ అని ఊరుకున్నారు. నాకు అదే సరైనదనిపించింది. ఉత్తరం అందుకున్న మనిషి భుజం మీంచి తొంగి చూడటం మన ఇళ్లలో మర్యాద కాదు.

చెప్పాలనుకున్న అసలు మాట ఇది. చాలా సంస్థలు పంపే ఉత్తరాల చివర, దీనికి జవాబు ఇవ్వకండి, ఇచ్చినా ఎవరూ చూడరు అని రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో ఉత్తరం ఉత్తరం కాకుండా పోతుంది. టపా వెళ్లడం యంత్రానికి అప్పజెప్పవచ్చు, జవాబు అందుకోవడం మాత్రం మనిషికే ఉండాలి. సారు ఉత్తరానికి జవాబు రాస్తే అది ఆయన సొంత పెట్టెలోకే వస్తుంది. ఆయన చదువుతారు. తిరిగి రాస్తారు.

మూడో వారం టపా 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న సంగతి చాలామందికి తెలుసు. సారు ఆ చెట్టు దగ్గరికి వెళ్లి, దాని మొదలు ఎంత లావుందో చేతులు చాచి కొలిచి, ఆ నీడలో రోగుల బంధువులు ఈరోజు టిఫిన్ డబ్బాలు విప్పి ఎలా తింటున్నారో రాశారు. ఆ గురువారం మధ్యాహ్నానికి సోలాపూర్ నుంచి జవాబు వచ్చింది. తరాల కిందట మగ్గం పని కోసం అక్కడికి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబం వాళ్లది. రాసిన కుర్రాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. ఫోన్‌లో ఉత్తరం పెట్టి చదివి వినిపించమంటే ఫోనే తెలుగులో చదివిందట. వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని విన్నది. వరద ఏడాదే మా అత్తగారి తల్లి పుట్టింది, ఆమెను అందరూ వరదమ్మ అనేవాళ్లు అని చెప్పిందట.

ఆ జవాబు సారు నాకు చదివి వినిపిస్తుంటే గొంతు కాస్త వణికింది. వాట్సాప్‌లో తిరిగే బొమ్మగా ఆ వ్యాసం వెళ్లి ఉంటే ఫోన్ దాన్ని ఇంత తేలిగ్గా చదివి వినిపించగలిగేది కాదు. బ్లాగులోనే ఉండిపోయి ఉంటే సోలాపూర్ చేరేదే కాదు. అక్షరం అక్షరంగా వెళ్లింది కాబట్టి కళ్లతో చదవలేని మనిషి కూడా చెవులతో విన్నది. లిపి మరిచిపోయి మాట మిగుల్చుకున్న తెలుగు ఇళ్లు సోలాపూర్లో, భీవండీలో, ముంబయిలో, ఇంకా దూరాన ఎన్నో ఉన్నాయి. వాళ్లకు మన రాతలు చేరే దారుల్లో ఇది ఒకటి, ఖర్చు తక్కువ ఉన్న దారి.

వరదమ్మ సంగతి ఆ నానమ్మ అనుమతితో తర్వాతి టపాలో వచ్చింది. దానికి మరో ముగ్గురు జవాబు రాశారు. ఒకరు డబీర్‌పురా నుంచి ఉర్దూలో రాశారు. ఛత్తాబజార్ కుర్రాడు అది చదివి సారుకు తెలుగులో చెప్పాడు.

తెలుగులో రాస్తున్నవారికి ఒక మనవి. మీ బ్లాగులో, మీ పత్రిక సైటులో ఈమెయిలు ఇవ్వడానికి ఒక చిన్న పెట్టె పెట్టండి. ఏదైనా ఉంటే అది ఇంకా పనిచేస్తోందో లేదో ఇవాళే మీ పేరే ఇచ్చి చూడండి. అడిగి చేర్చుకోండి, వద్దన్నవాళ్లను వెంటనే తీసేయండి, జవాబులు వచ్చే దారి మూయకండి. పాతబస్తీ గల్లీల సంగతులు, ఊళ్ల సంగతులు తెలిసినవాళ్లు మీ చుట్టుపక్కల ఉండి, వాళ్లకు కంప్యూటర్ పని రాకపోతే, ఒక మధ్యాహ్నం వాళ్ల దగ్గర కూర్చుని ఈ ఏర్పాటు చేసిపెట్టండి. చదివేవారికీ ఒక మాట. అలాంటి ఉత్తరం మీకు వస్తే, నచ్చితే, రెండు ముక్కలు తిరిగి రాయండి. రాసినవారు ఆ రెండు ముక్కల కోసం ఎదురుచూస్తుంటారు.

సారు తర్వాతి టపా పురానాపూల్ గురించి. రాయడం అయిపోయింది. గురువారం ఉదయం ఆరింటికి వెళుతుంది.